ఓపెన్ హౌస్‌కు ముందు ఒక మాట

తల్లిదండ్రులకు నమస్కారం.

దసరా సెలవుల తర్వాత బడి మళ్లీ గాడిన పడింది. బెంగళూరు వానలకు, ట్రాఫిక్‌కు స్కూల్ బస్సులు మాత్రం ఇంకా గాడిన పడలేదు, ఏమీ అనుకోకండి. అర్ధ సంవత్సరం పేపర్లు ఈ శనివారం ఓపెన్ హౌస్‌లో ఇస్తాం. ఈలోగా మార్కులతో పని లేని సంగతి ఒకటి చెప్పాలి: ఇంట్లో పెద్దల తీరు, మాటలు పిల్లల మీద ఎలా పనిచేస్తాయన్నది.

"ఖోఖోనా, త్రోబాలా, నీకేది ఇష్టం?" అని పీటీ సార్ అడిగితే ఒక చిన్న పాప ఆయన మొహంలోకి కాసేపు చూసి, "మీకేది ఇష్టం సార్?" అంది. (ఆనవాళ్లు మార్చి చెబుతున్నాను.) పెన్సిల్ కింద పడినా సారీ చెబుతుంది. ఎంత బుద్ధిమంతురాలో అని మేమూ మురిసిపోయాం. అది మా పొరపాటే. ఇంట్లో పెద్దవాళ్ల మూడ్ కనిపెట్టి మసలుకోవడం అలవాటైన పిల్లలు ఇలా తయారవుతుంటారు. పెద్దల కోసం వేసుకునే ఈ ముసుగునే బ్రిటిష్ పిల్లల వైద్యుడు డొనాల్డ్ విన్నికాట్ 1960లో 'అబద్ధపు నేను' అన్నాడు.

ఇంకో రకం పిల్లలు పదికి తొమ్మిదిన్నర వచ్చినా పేపరు దాచేస్తారు. ఓడితే తొండి అంటారు, పక్కవాణ్ణి ఏడిపిస్తారు. చూడ్డానికి పొగరు, లోపల భయం. కొత్త బడి బెరుకు, తోటిపిల్లల వేధింపు కూడా కారణం కావచ్చు, కాబట్టి వెంటనే ఇంటినే తప్పుపట్టం.

రీల్స్ పుణ్యమా అని ఇప్పుడు ప్రతివాళ్లూ పక్కవాళ్లను 'నార్సిసిస్ట్', అంటే తన గొప్పే తప్ప ఎదుటివాళ్ల మనసు పట్టనివాళ్లు, అనేస్తున్నారు. అది జబ్బో కాదో తేల్చాల్సింది డాక్టర్లు, హెడ్మిస్ట్రెస్ కాదు. నేను అడిగేది ఇంట్లో మనం పిల్లలతో అనే మాటల గురించే. బిడ్డ గెలిస్తే 'అంతా నా పెంపకం', ఓడితే 'నా పరువు తీశావు'. ఏడిస్తే 'నేను పడ్డ కష్టాల ముందు నీదెంత'. కోపమొస్తే రోజుల తరబడి మాటలు బంద్. ఒకసారి నోరు జారడం వేరు, ఇల్లంతా ఇలాగే నడవడం వేరు.

పొగడ్తా అంతే. నెదర్లాండ్స్‌లో 7 నుంచి 11 ఏళ్ల పిల్లలు 565 మందిని గమనించి 2015లో ప్రచురించిన అధ్యయనంలో, 'మా బిడ్డ అందరికంటే గొప్ప' అనుకునే ఇళ్లలో పిల్లలకు అహం పెరిగింది. ఆత్మగౌరవం పెరిగింది మాత్రం ఆప్యాయత ఉన్నచోట. కాకిపిల్ల కాకికి ముద్దే, కానీ దాన్ని నెమలి అని ఊరంతా చాటనక్కర్లేదు. మా అబ్బాయి ర్యాంకు వచ్చిన రోజు నేనూ అపార్ట్‌మెంట్ గ్రూపులో పెట్టాకే వాడికి ఫోన్ చేశాను. వాడు ఇప్పటికీ గుర్తుచేస్తుంటాడు.

మీ ఇంట్లో ఇలాంటివి ఎదురైతే మా కౌన్సెలర్‌ను కలవండి. మీరు చెప్పింది క్లాస్ టీచర్ దాకా కూడా వెళ్లదు. బడితో వద్దనుకుంటే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలి మానస్ 14416కు ఉచితంగా ఫోన్ చేయొచ్చు, తెలుగులోనూ మాట్లాడతారు. హోసూర్ రోడ్డులోని మానసిక ఆరోగ్య ఆసుపత్రి నిమ్హాన్స్‌లో పిల్లల మానసిక వైద్య విభాగం ఉంది. పిల్లలెవరైనా ఆపదలో ఉంటే పిల్లల హెల్ప్‌లైన్ 1098కు ఫోన్ చేయండి.

ఈసారి ఓపెన్ హౌస్‌లో ముందు పది నిమిషాలు పిల్లలే తమ పని చూపించి మాట్లాడతారు. మధ్యలో అందుకోకండి. ఫోటోలు ఆ తర్వాత తీసుకుందాం, అదీ పిల్లలు సరేనంటేనే.

మీ
హెడ్మిస్ట్రెస్