డైరీలో రాసేముందు ఇంట్లోవాళ్ళని అడగండి

సంపాదకులు గారికి నమస్కారం.

జీవిత లక్ష్యాలు కాగితం మీద పెట్టుకోవాలంటూ మీ పత్రికలో వచ్చిన వ్యాసం చదివాక ఈ ఉత్తరం రాయకుండా ఉండలేకపోయాను. మాది నెల్లూరు దగ్గర పల్లె. చెన్నై వచ్చి పంతొమ్మిదేళ్ళయింది, అంబత్తూరు పారిశ్రామిక ఎస్టేట్‌లో ఒక కంపెనీలో అకౌంట్స్ చూస్తాను. పదేళ్ళుగా ప్రతి జనవరిలో డైరీలో లక్ష్యాలు రాస్తూనే ఉన్నాను. మొన్న ఆ డైరీలన్నీ ముందేసుకుని తిరగేస్తే హోమ్ లోన్, ప్రమోషన్, కారు, మళ్ళీ లోన్, ఇవే కనిపించాయి. చివర్లో మాత్రం ప్రతి ఏడూ ఒకటే లైను, కుటుంబంతో ఎక్కువ సమయం గడపాలి అని. ఎవరితో, ఏ రోజు, ఏం చేస్తూ అన్నది ఎక్కడా లేదు. లోన్‌కి ఈఎంఐ తేదీ ఉంది కాబట్టి అది నడిచింది, దీనికి తేదీ లేదు, నడవలేదు.

అందుకని ఈసారి రాసేముందు తొమ్మిదో తరగతి చదివే మా అమ్మాయిని అడిగాను, నా నుంచి నీకేం కావాలమ్మా అని. ఫోన్ అడుగుతుందనుకున్నాను. "నాకు తెలుగు చదవడం నేర్పు నాన్నా, నానమ్మ వంటల పుస్తకం చదువుకోవాలి" అంది. మా అమ్మ పోయి మూడేళ్ళు. చేపల పులుసులో మామిడికాయ ముక్కలు ఎప్పుడు వెయ్యాలో దగ్గర్నుంచి అన్నీ ఒక నోట్‌బుక్‌లో రాసిపెట్టింది. తమిళనాడులో 2006 చట్టంతో బడిలో తమిళం తప్పనిసరి అయింది, ఇక్కడ బతుకుతున్నాం కాబట్టి పిల్లలకు తమిళం రావాల్సిందే, దాన్ని నేను తప్పు పట్టను. కానీ బడిలో తెలుగు లేనప్పుడు ఇంట్లో నేర్పాల్సింది నేను కదా, ఆ పని నా పది డైరీల్లో ఒక్కదాంట్లోనూ లేదు. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

ఇంటి గురించిన లక్ష్యం మనం ఒక్కళ్ళమే కూర్చుని రాసుకుంటే ఇలాగే అవుతుంది, ఎవరి కోసమో వాళ్ళనే అడిగి రాయాలి. మా ఆవిడని అడిగితే "ముందు షుగర్ టెస్ట్ చేయించుకోండి" అంది, అంటే నా ఒంటి గురించిన లక్ష్యం కూడా ఆమె చెబితేనే తెలిసింది. బార్డర్‌లో ఉందన్నారు, ఇప్పుడు రోజూ పొద్దున్నే నడుస్తున్నాను.

ఇక పని సంగతి. అర్థమున్న పని అనగానే ఉద్యోగం మానేసి ఏదో పెద్దది మొదలుపెట్టాలనుకుని టెన్షన్ పడతాం. దుర్గాబాయి దేశ్‌ముఖ్ గారు ఇదే మద్రాసులో 1937లో ఆంధ్ర మహిళా సభ పెట్టినప్పుడు, తను కాస్త ఆలస్యంగా రాసి పాసైన బెనారస్ హిందూ విశ్వవిద్యాలయం మెట్రిక్ పరీక్షకే ఆడపిల్లల్ని తయారు చేశారు. తనకు వచ్చింది పక్కవాళ్ళకు చెప్పారు, అక్కడే మొదలైంది. నాకు వచ్చింది పీఎఫ్ లెక్కలు. ఆధార్‌లో ఒక స్పెల్లింగ్, పీఎఫ్ రికార్డులో ఇంకొకటి ఉండి డబ్బులు ఆగిపోయిన తెలుగు కార్మికులు మా ఎస్టేట్ చుట్టూ ఎంతోమంది ఉన్నారు. నెలలో రెండో శనివారం సాయంత్రం వాళ్ళ దరఖాస్తులు నింపిపెడుతున్నాను. మొదటిసారి నలుగురు వచ్చారు.

ఆదివారం పొద్దున ఒక గంట అమ్మాయికి తెలుగు. గుణింతాలు అయ్యాయి, "మామిడికాయ" గబగబా చదివేసింది, "ముక్కలు" దగ్గర ఒత్తు చూసి ఆగిపోయింది. మీకు ఒక విన్నపం. చెన్నై ఎడిషన్‌లో ఆదివారం నాడు ఒక మూల, ఇప్పుడిప్పుడే అక్షరాలు నేర్చుకుంటున్న పిల్లలు చదవగలిగేలా, పెద్ద అక్షరాల్లో నాలుగైదు వాక్యాలు వెయ్యండి. మొదట్లో ఒత్తులు తక్కువగా ఉండేలా చూడండి.

ఇట్లు
ఒక పాఠకుడు, విల్లివాక్కం, చెన్నై