పాదాల నరం నొప్పికి మా జిల్లాలోనే వైద్యం ఇప్పించండి: ఆరోగ్య శాఖ మంత్రి గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన తెలంగాణ వైద్య ఆరోగ్య శాఖ మంత్రి గారికి,

నమస్కారం.

నల్లగొండ, మహబూబ్‌నగర్ ప్రభుత్వ బోధనాసుపత్రుల్లో వారానికి ఒక రోజు పాదాల కోసమే ఓపీ పెట్టించమని కోరుతూ ఈ లేఖ రాస్తున్నాను. పాదం ముందుభాగంలో నరం నలిగి వచ్చే నొప్పికి మొదటి పరీక్ష నుంచి, అవసరమైతే ఆపరేషన్ దాకా వైద్యమంతా అక్కడే జరగాలి. గుండె జబ్బులు, కిడ్నీ జబ్బులు ఉండగా కాలి వేళ్ల దగ్గర నొప్పి గురించి ఇంత పెద్ద లేఖ ఎందుకని మీకు అనిపించవచ్చు. దీనివల్ల ప్రాణం పోదు, నిజమే. కానీ నిలబడి పనిచేస్తేనే పూట గడిచేవాళ్లకు కాలు కింద పెట్టలేకపోవడమంటే ఏమిటో పాలమూరు, నల్లగొండ మనుషులకు విడమరచి చెప్పాల్సిన పని లేదు.

మా కోడలు ఆర్టీసీలో కండక్టర్. దేవరకొండ వైపు రూట్లలో డ్యూటీ. 2023 డిసెంబర్ 9న మీ ప్రభుత్వం రెండు పథకాలు మొదలుపెట్టింది. ఆడవాళ్లకు బస్సుల్లో ఉచిత ప్రయాణం ఒకటి, ఆరోగ్యశ్రీ పరిమితిని 5 లక్షల నుంచి 10 లక్షలకు పెంచడం ఇంకొకటి. మొదటిది మా ఊళ్ల ఆడపిల్లలకు ఎంత మేలు చేసిందో రిటైరైన టీచర్‌గా నాకు బాగా తెలుసు. చార్జీలకు డబ్బుల్లేక ఇంటర్‌తో చదువు ఆపేసే పిల్లలను నేను చాలామందిని చూశాను. ఇప్పుడు బస్సులు నిండుగా వెళ్తున్నాయి, సంతోషమే. ఆ నిండు బస్సులో, కుదుపుల్లో, ఒళ్లు ఆపుకుంటూ గంటల తరబడి నిలబడే కండక్టర్ బరువంతా పాదం ముందుభాగం మీదే పడుతుంది. ఆమె పాదాల కోసం నేను రెండో పథకం సాయం అడుగుతున్నాను.

ఆమె బాధ ఇలా ఉండేది. కుడికాలి మూడో వేలికి, నాలుగో వేలికి మధ్య మంట. ఒక్కోసారి కరెంటు కొట్టినట్టు వేళ్ల చివరిదాకా జివ్వుమనేది. "అత్తమ్మా, బూటుల రాయి వడ్డట్టే ఉంటది, ఇప్పి దులిపితే ఏముండదు" అనేది. బూటు విప్పి, ఆ రెండు వేళ్ల నడుమ గట్టిగా పిసికితే కాసేపు తగ్గేది. మళ్లీ బూటు తొడిగి నిలబడితే మొదలు. జబ్బేమిటో చెప్పడానికి కావాల్సిన ఆనవాళ్లు సగం ఈ నాలుగు మాటల్లోనే ఉన్నాయని మాకు చాలా ఆలస్యంగా తెలిసింది.

అరికాలిలో వేళ్ల మొదళ్ల దగ్గర పొడుగు ఎముకల తలలు వరుసగా ఉంటాయి. వాటిని ఒకదానికొకటి కట్టి ఉంచే గట్టి లిగమెంట్ కింది నుంచి వేళ్లకు సన్నని నరాలు వెళ్తాయి. మడమ లేచి వేళ్లు పైకి వంగిన ప్రతిసారీ నరం సాగి ఆ లిగమెంట్ అంచుకు ఒరుసుకుంటుంది. ముందువైపు ఇరుకైన బూట్లు, మడమ ఎత్తు చెప్పులు వేసుకుంటే ఇంకా నలుగుతుంది. కొన్నేళ్లకు నరం చుట్టూ పీచులాంటి కణజాలం పేరుకుని అది లావెక్కుతుంది. ఫిలడెల్ఫియాలో థామస్ మార్టన్ అనే సర్జన్ 1876లో ఈ నొప్పిని వివరించాడు, అందుకే మార్టన్స్ న్యూరోమా అంటారు. ఇది క్యాన్సర్ గడ్డ కాదు. మూడో, నాలుగో వేళ్ల మధ్యే ఎక్కువగా వస్తుంది. మగవాళ్లకంటే ఆడవాళ్లకు, అందులోనూ నడివయసులో ఎక్కువ.

ఇక మా జిల్లా సంగతి. నల్లగొండలో కాలు నొప్పి అనగానే వచ్చే మొదటి మాట ఫ్లోరైడ్. ఆ మాట ఊరికే రాలేదు. మర్రిగూడ, నాంపల్లి, చండూరు వైపు బడుల్లో పళ్లు గోధుమరంగు తిరిగిన పిల్లలు, కాళ్లు వంకరపోయిన పిల్లలు నా ముందు బెంచీల్లో కూర్చుని చదువుకున్నారు. నీటిని పటిక, సున్నంతో శుద్ధి చేసే పద్ధతికి మా జిల్లా పేరే పెట్టి నల్లగొండ టెక్నిక్ అన్నారంటే ఈ నేల ఎంత బాధ పడిందో తెలుస్తుంది. లీటరు నీటిలో ఫ్లోరైడ్ 1.5 మిల్లీగ్రాములు దాటకూడదు. అంతకంటే చాలా ఎక్కువ ఉన్న నీళ్లు ఏళ్ల తరబడి తాగితే కీళ్లు బిగుసుకుంటాయి, లిగమెంట్లు ఎముకల్లా గట్టిపడతాయి, వెన్నులో నరాలు నొక్కుకుపోయి కాళ్లు తిమ్మిరెక్కుతాయి. కాబట్టి డాక్టరు ముందు ఫ్లోరోసిస్‌ను అనుమానించడం తప్పు కాదు. అనుమానించి అక్కడే ఆగిపోవడం తప్పు.

మా కోడలి విషయంలో జరిగింది అదే. ఒకచోట ఫ్లోరైడ్ అన్నారు. ఇంకోచోట షుగర్ పరీక్ష చేయించి, లేదని తేలాక నరాల బలహీనత అన్నారు. మరోచోట నడుం నుంచి వస్తోందని వెన్నుకు ఎమ్మారై రాశారు. పాదానికి ఎక్స్‌రే తీసి ఎముకలన్నీ బాగున్నాయి, ఏమీ లేదు పొమ్మన్నారు. ఎక్స్‌రేలో ఎముక కనిపిస్తుంది కానీ నరం కనిపించదు కదా! మధ్యలో ఊళ్లో ఆర్‌ఎంపీ సూదులు, మెడికల్ షాపు నుంచి తెచ్చుకున్న నొప్పి గోలీలు సరేసరి. ఆ గోలీలు నెలల తరబడి మింగితే కడుపులో పుండ్లు పడతాయి, కిడ్నీలు పాడవుతాయి. ఏ ఆసుపత్రి పేరూ నేను చెప్పను. ఒకరి మీద కోపంతో రాస్తున్న లేఖ కాదిది. కానీ ఇది చెప్పకుండా ఉండలేను: ఆ డాక్టర్లలో ఒక్కరు కూడా ఆమె బూటు విప్పించి పాదాన్ని చేత్తో పట్టి చూడలేదు.

చేత్తో పట్టి చూస్తేనే ఈ జబ్బు దొరుకుతుంది మంత్రి గారూ. షుగర్ వల్ల వచ్చే నరాల మంట మామూలుగా రెండు పాదాల్లోనూ ఉంటుంది, వేళ్ల నుంచి మొదలై మేజోడు తొడిగినట్టు పైకి పాకుతుంది, రాత్రిళ్లు ఎక్కువవుతుంది. వెన్ను నుంచి వచ్చేది నడుం నుంచి పిరుదు, తొడ మీదుగా కిందికి లాగుతుంది. కుష్ఠు వల్ల నరం దెబ్బతింటే చర్మం మీద స్పర్శ లేని మచ్చలు ఉండొచ్చు, నరం చేతికి లావుగా తగలొచ్చు. దాన్ని ఎట్టి పరిస్థితుల్లోనూ వదిలేయకూడదు. న్యూరోమా నొప్పి మాత్రం రెండు వేళ్ల నడుమ, వేలు పెట్టి చూపించగలిగిన చోటే ఉంటుంది. ఆ చోట బొటనవేలితో నొక్కుతూ, రెండో చేత్తో పాదాన్ని రెండు పక్కల నుంచి అదిమితే నొప్పి లేస్తుంది, చాలామందిలో వేళ్ల కింద టక్కుమని తగులుతుంది. ముల్డర్ అనే డాక్టర్ 1951లో చెప్పిన పరీక్ష ఇది. దీనికి మిషన్ అక్కర్లేదు, కరెంటు అక్కర్లేదు, ఒక్క నిమిషం చాలు. నల్లగొండలో 2019 నుంచి, మహబూబ్‌నగర్‌లో 2016 నుంచి ప్రభుత్వ మెడికల్ కాలేజీలు నడుస్తున్నాయి. నాగర్‌కర్నూల్, వనపర్తికి కూడా కాలేజీలు వచ్చాయి. అక్కడ చదివే పిల్లలకు ఈ పరీక్ష చేయించి చూపిస్తే, రేపు పీహెచ్‌సీలో కూర్చున్నప్పుడు అది వాళ్ల చేతుల్లో ఉంటుంది.

చివరికి హైదరాబాద్‌లో ఒక ఎముకల డాక్టరు కోడలి పాదాన్ని ఒళ్లో పెట్టుకుని చూశారు. "గిక్కడేనా అమ్మా?" అని నొక్కగానే ఆమె కేక పెట్టింది. తర్వాత పాదానికి అల్ట్రాసౌండ్ చేయించి నిర్ధారించారు. జిల్లా ఆసుపత్రుల్లో అల్ట్రాసౌండ్ మిషన్లు ఇప్పటికే ఉన్నాయి. గర్భిణులకు, కడుపు పరీక్షలకు వాడుతున్నారు. పాదానికి కావాల్సింది పైపైన ఉండే సన్నని భాగాలను చూపించే ప్రోబ్, దానితో పాదం చూడటం నేర్చిన రేడియాలజిస్టు. కొత్త భవనం కట్టాల్సిన పని కాదిది.

ఆ డాక్టరు వెంటనే కత్తి పట్టలేదు. నేను అడిగే పాదాల ఓపీ కూడా అలాగే ఉండాలి, అక్కడికి వచ్చిన ప్రతివాళ్లనూ ఆపరేషన్ బల్ల ఎక్కించకూడదు. ముందు వేళ్ల దగ్గర వెడల్పుగా, అడుగు మెత్తగా ఉండే బూట్లు వేసుకోమన్నారు. అరికాలి కింద పెట్టుకునే చిన్న మెత్త ఇచ్చారు. అది సరిగ్గా నొప్పి ఉన్నచోట కాదు, ఎముకల తలలకు కాస్త వెనక, మడమ వైపు పెట్టాలి. అప్పుడే ఎముకలు ఎడమై నరం మీద ఒత్తిడి తగ్గుతుంది. ఎక్కడ పెట్టాలో చెప్పకుండా చేతికిచ్చి పంపిస్తే నొప్పి తగ్గకపోగా పెరుగుతుంది. చాలామందికి ఇంతటితోనే బాగవుతుందట. మన ప్రభుత్వాసుపత్రుల్లో కుష్ఠు సోకినవాళ్లకు మెత్తని రబ్బరు అడుగుండే ఎంసీఆర్ చెప్పులు ఎప్పటి నుంచో ఉచితంగా ఇస్తున్నారు. అరికాలి మీద ఒత్తిడి ఎక్కడ తగ్గించాలో తెలిసిన పనివాళ్లు మన దగ్గరే ఉన్నారు. వాళ్లచేతే ఈ మెత్తలు కూడా చేయించవచ్చు, ఖర్చు చాలా తక్కువ.

దానితో తగ్గకపోతే స్టెరాయిడ్ సూది. మా కోడలికి అది కొన్ని నెలలు పనిచేసింది, తర్వాత నొప్పి తిరగబెట్టింది. ఈ సూది పదేపదే వేయకూడదు. అరికాలి కింద బరువు మోసే కొవ్వు పొర కరిగిపోయే ప్రమాదం ఉంది. అప్పుడు ఆపరేషన్ మాట వచ్చింది. "గింత వేలి నొప్పికి కోసుడేంది?" అని మా వియ్యపురాలు ఏడ్చింది. ఆ భయం పోగొట్టడానికి, ఇదే బాధతో ఉన్న ఇంకెవరికైనా ఉపయోగపడుతుందని ఆ ఆపరేషన్ గురించి కాస్త వివరంగా రాస్తున్నాను.

చీలమండ దగ్గర మత్తు సూది వేస్తే పాదం వరకే మొద్దుబారుతుంది, మనిషి మెలకువగానే ఉంటుంది. పాదం పైభాగంలో రెండు వేళ్ల మధ్య చిన్న కోత పెడతారు. పైనుంచి కోస్తే అరికాలిలో మచ్చ పడదు, త్వరగా కాలు మోపవచ్చు. కొన్ని సందర్భాల్లో, ముఖ్యంగా రెండోసారి ఆపరేషన్ అవసరమైనప్పుడు, అరికాలి వైపు నుంచి కోస్తారు. అప్పుడు కోలుకోవడానికి ఎక్కువ రోజులు పడుతుంది. నరాన్ని నొక్కుతున్న లిగమెంట్‌ను కత్తిరించి, లావెక్కిన నరం ముక్కను తీసేస్తారు. కొందరు సర్జన్లు నరాన్ని అలాగే ఉంచి లిగమెంట్ ఒక్కటే వదులు చేస్తారు. నరం తీసేటప్పుడు దాన్ని బాగా వెనకదాకా వెతికి కోయడం ముఖ్యం. మిగిలిన కొస బరువు పడే చోట కాకుండా, వెనక కండరాల మధ్య ఉండిపోవాలి. అరగంట, ముప్పావుగంట పని. అదే రోజు ఇంటికి పంపవచ్చు. రెండు వారాలకు అటూ ఇటూగా కుట్లు తీస్తారు.

నరం తీసేస్తే ఆ రెండు వేళ్ల ఎదురెదురు పక్కల స్పర్శ శాశ్వతంగా పోతుంది. ఆ మాట డాక్టరు ముందే చెప్పారు. కోడలు ఒప్పుకుని సంతకం పెట్టింది. ఈ ఆపరేషన్ తర్వాత సుమారు 80 శాతం మందికి మంచి ఉపశమనం ఉంటుందంటారు. అంటే అందరికీ కాదు. కొందరిలో కోసిన నరం కొస దగ్గర మళ్లీ ముడి కట్టి నొప్పి వస్తుంది, అది మొదటిదానికంటే మొండిది. షుగర్ ఉన్నవాళ్లకు కాలి రక్తప్రసరణ, స్పర్శ చూడకుండా కోత పెట్టకూడదు. ఇవన్నీ రోగికి తెలుగులో, కూర్చోబెట్టి చెప్పే తీరిక ఉన్న చోటే ఈ ఆపరేషన్ జరగాలి. రద్దీ ఓపీలో రెండు నిమిషాల్లో తేలే విషయం కాదు కాబట్టే వారానికి ఒక రోజు విడిగా కేటాయించమంటున్నాను.

మా కోడలు మళ్లీ డ్యూటీకి వెళ్తోంది. వేళ్ల నడుమ మొద్దుగా ఉంటుంది, మంట లేదు. ఆమెకు జీతం ఉంది, సెలవు ఉంది, తోడు వెళ్లడానికి పింఛను వచ్చే అత్త ఉంది. అచ్చంపేట, అమ్రాబాద్ నుంచి, కొల్లాపూర్ నుంచి కూలి మానుకుని హైదరాబాద్ దాకా ఎవరు రాగలరు? పొద్దంతా కూర్చోనివ్వని బట్టల దుకాణాల్లో పనిచేసే ఆడపిల్లలున్నారు. బిగుతు బూట్లతో బందోబస్తులో నిలబడే కానిస్టేబుళ్లున్నారు. మడమలు లేపి వేళ్ల మీద కూర్చుని కలుపు తీసే కూలీలున్నారు. వాళ్ల పాదాలనూ ఎవరో ఒకరు పట్టి చూడాలి. పాదాల ఓపీ పెడితే షుగర్ పుండ్లు, కుష్ఠు, ఫ్లోరోసిస్ ఉన్నవాళ్లు కూడా అదే గదిలో ముందుగానే దొరుకుతారు. ఆ ఒక్క కారణంతోనైనా అది దండగ కాదు.

ఆపరేషన్ అవసరమని జిల్లా ఆసుపత్రి ఎముకల విభాగం తేల్చిన రోగికి ఆరోగ్యశ్రీ కింద అక్కడే చేయాలని ఒక స్పష్టమైన ఉత్తర్వు ఇవ్వండి. దాంతోపాటు బూట్లు, మెత్తలు, ఫిజియోథెరపీ కూడా ఉచితంగా అందాలి. లేకపోతే మెత్తతో తగ్గే నొప్పికి కూడా కోతే దారి అవుతుంది. కండక్టర్లకు, కానిస్టేబుళ్లకు డాక్టరు చీటీ రాస్తే కోలుకునేదాకా కూర్చుని చేసే డ్యూటీ ఇచ్చేలా, యూనిఫామ్‌లో వెడల్పు బూట్లు వేసుకునేందుకు అనుమతించేలా రవాణా, హోం శాఖల మంత్రులతో మీరు మాట్లాడాలి.

మొదలు నల్లగొండలో పెట్టినా, మహబూబ్‌నగర్‌లో పెట్టినా మాకు సమ్మతమే. వారంలో ఏ రోజు, ఏ గది నంబరు అన్నది బస్టాండ్లలో, పీహెచ్‌సీల్లో తెలుగులో రాసి అంటించమని ఆదేశించండి. మా ఊళ్లలో చదవలేని వాళ్లకు ఆ సంగతి చెప్పే పని నాలాంటి రిటైర్డ్ టీచర్లం చూసుకుంటాం.

ఇట్లు,
ఒక విశ్రాంత ఉపాధ్యాయురాలు,
దేవరకొండ, నల్లగొండ జిల్లా.