ఆర్‌సీ హెలికాప్టర్‌కి ముందు సున్నా కుదరాలి

సంపాదకులకు,

సెలవుల కాలక్షేపాల మీద మీరు జిల్లా పుటలో వేసిన వ్యాసం రిమోట్ (ఆర్‌సీ) హెలికాప్టర్‌నీ డ్రోన్‌నీ ఒకే గాటన కట్టింది. స్టిక్ పైకి తోస్తే మోటారు వేగం పెరిగి రెండూ లేస్తాయని రాశారు. నాలుగు ప్రొపెల్లర్ల డ్రోన్‌ వరకు అది నిజమే, కలెక్టివ్ పిచ్ హెలికాప్టర్‌ పద్ధతి మాత్రం వేరు. ఈ తేడా తెలియకుండా ఒంగోలులోనో నెల్లూరులోనో సెకండ్‌హ్యాండ్ హెలీ కొని, బ్యాటరీ పెట్టి నేరుగా ఎగరేయబోతే మొదటి నిమిషంలోనే బ్లేడ్లు విరుగుతాయి. అందుకే ఈ ఉత్తరం కొంచెం పెద్దదైంది, మన్నించాలి.

ఇంట్లో సీలింగ్ ఫ్యాన్ రెక్కల వాలు ఫ్యాక్టరీలోనే ఖాయమైపోతుంది. గాలి ఎక్కువ కావాలంటే రెగ్యులేటర్ తిప్పి వేగం పెంచుతాం. డ్రోన్‌దీ అదే దారి. ఈ హెలికాప్టర్‌లో రోటర్ వేగం దాదాపు ఒకేలా ఉంటుంది, తిరుగుతున్న బ్లేడ్ల వాలు మారుతుంది. ఆ వాలే పిచ్, అన్ని బ్లేడ్లకీ ఒకేసారి మార్చేది కలెక్టివ్ పిచ్. బ్లేడ్‌కి పైనా కిందా ఒకటే ఆకారం కాబట్టి సున్నా డిగ్రీల దగ్గర అది హెలీని లేపదు, నొక్కదు. ప్లస్ అయితే లేపుతుంది, మైనస్ అయితే కిందికి తోస్తుంది. ఆ సున్నా ఎక్కడుందో సరిగ్గా కుదరకపోతే తర్వాత చేసే ఏ సర్దుబాటుకీ ఆధారం ఉండదు.

ఇది బొమ్మ కదా అనుకోవద్దు. 450 అనే సైజు తరగతి హెలీకి ఒక్కో బ్లేడ్ 325 మి.మీ. రోటర్ నిమిషానికి 2500 చుట్లు తిరిగితే బ్లేడ్ కొస వేగం గంటకు 330 కి.మీ. దాటుతుంది. కనుక పిచ్ పని మొదలుపెట్టే ముందు మోటారుకి వెళ్లే మూడు వైర్లలో రెండు ఊడదీయాలి. మోటారుని ఆపి ఉంచే థ్రాటిల్ హోల్డ్ స్విచ్ వేశాం కదా అని ఊరుకోకూడదు. వైర్లు ఊడినా మోటారు వేగాన్ని నడిపే స్పీడ్ కంట్రోలర్ నుంచి రిసీవర్‌కీ, బ్లేడ్ల వాలు మార్చే చిన్న మోటార్లు సర్వోలకీ కరెంటు అందుతూనే ఉంటుంది, పనికి అది చాలు.

పాత హెలీ అయితే చేతిలోని రిమోట్‌లో, అంటే ట్రాన్స్‌మిటర్‌లో కొత్త మోడల్ మెమరీ తెరవండి. ట్రిమ్‌లు, సబ్‌ట్రిమ్‌లు అనే చిన్న దిద్దుబాట్లన్నీ సున్నా చేసి, స్టిక్ ఎక్కడుంటే ఎంత పిచ్ అని చెప్పే పిచ్ కర్వ్‌ని 0, 50, 100 తిన్నని గీతగా పెట్టండి. సర్వోల కదలికను బ్లేడ్లకి అందించే పళ్లెం స్వాష్‌ప్లేట్, ఏ సర్వో ఎంత కదలాలో లెక్కవేయడం దాని మిక్సింగ్. రోటర్ మీద నిలకడ కోసం పెట్టే ఫ్లైబార్ కడ్డీ లేని హెలీలో ఆ పని, వంపును పసిగట్టే లోపలి జైరో యూనిట్‌దే. ట్రాన్స్‌మిటర్‌లో స్వాష్ రకం ఒకే సర్వో మామూలు పద్ధతిలో ఉండాలి. అక్కడ కూడా మూడు సర్వోల 120 డిగ్రీల మిక్సింగ్ వేస్తే స్టిక్ ఒకవైపు తోస్తే స్వాష్ మరోవైపు పోతుంది. సర్వో పాడైందని కొత్తది కొనిపించే తప్పు తరచుగా ఇదే. ఫ్లైబార్ ఉన్న పాత హెలీకి మాత్రం 120 మిక్సింగ్ ట్రాన్స్‌మిటర్‌లోనే కావాలి.

ఇక సర్వో చేతులు. స్టిక్ మధ్యలో ఉండగా మూడు చేతులూ తమ లింక్ రాడ్లకు 90 డిగ్రీలుండాలి. ఇరుసుకి 25 పళ్లున్న సర్వోలో చేతిని ఒక పన్ను జరిపితే 14.4 డిగ్రీలు మారుతుంది, కనుక కచ్చితంగా 90 దొరకడం అరుదు. అప్పుడు నాలుగు చేతుల హార్న్ తీసుకుని ఒక్కో చేతినీ పెట్టి చూడండి. 25ని నాలుగుతో భాగిస్తే పూర్ణాంకం రాదు, అందుకే ఒక్కో చేయి పావు పన్ను, అంటే 3.6 డిగ్రీలు పక్కకు పడుతుంది. దగ్గరగా కుదిరిన చేతిని ఉంచుకుని మిగతావి కత్తిరించండి. మిగిలిన ఒకటి రెండు డిగ్రీలకే సబ్‌ట్రిమ్ వాడాలి. పది డిగ్రీల తప్పును సబ్‌ట్రిమ్‌తో కప్పితే చేయి పైకి ఒకంత, కిందికి ఇంకొకంత కదులుతుంది. ఆ తేడా గాలిలో తెలుస్తుంది.

చేతులు కుదిరాక లింక్ రాడ్ల పొడవు మార్చి స్వాష్‌ప్లేట్‌ని సమంగా తేవాలి. దీనికి షాఫ్ట్‌కి తొడిగే లెవెలర్ ఉంటే పని సులువు. హెలీని పెట్టే బల్ల కూడా సమంగా ఉండాలి. చీమకుర్తి గ్రానైట్ పాలిష్ ముక్క ఈ జిల్లాలో దొరకని ఊరు లేదు, అంతకన్నా మంచి బల్ల ఇంకొకటి అక్కర్లేదు. వంటగది గట్టు మీద మాత్రం వద్దు, నీళ్లు జారడానికి దాన్ని సింక్ వైపు వాల్చి వేస్తారు. రసమట్టం పెట్టి చూసుకోండి.

ఇప్పుడు స్వాష్ నుంచి బ్లేడ్‌ని పట్టి ఉంచే గ్రిప్‌కి వెళ్లే పై లింకులతో సున్నా తేవాలి. ఆ లింకుల ఎం2 థ్రెడ్ (2 మి.మీ. మర) ఒక చుట్టుకి 0.4 మి.మీ. నడుస్తుంది. గ్రిప్ చేయి 15 మి.మీ. ఉంటే ఒక చుట్టుకి డిగ్రీన్నర మారినట్టు. డిజిటల్ పిచ్ గేజ్‌ని ముందు రోటర్ హెడ్ మీద పెట్టి సున్నా చేసి, ఆ తర్వాతే బ్లేడ్‌కి తగిలించండి. ఒకే బ్లేడ్‌ని ముందు, వెనక, కుడి, ఎడమ నాలుగు చోట్ల తిప్పి కొలవండి. చోటు మారినప్పుడల్లా అంకె మారితే స్వాష్ వాలి ఉందని అర్థం, లింకులు ముట్టుకోవద్దు. ఒకే చోట రెండు బ్లేడ్లు వేర్వేరు అంకెలు చూపితే లింకుల పొడవులో తేడా ఉంది. ఈ రెంటినీ కలగలిపి, స్వాష్ తప్పును లింకులతో సరిచేయబోతే సాయంత్రం దాకా కూర్చున్నా తెమలదు.

గేజ్ లేకపోయినా దారి ఉంది, చవక గేజ్ కన్నా మేమైతే దీన్నే నమ్ముతాం. రెండు బ్లేడ్లనీ తోక బూమ్ వైపు మడిచి పక్కనుంచి చూడండి. పిచ్ సున్నా అయితే రెండు కొసలూ ఒకే ఎత్తులో ఉంటాయి. లేకపోతే ఒకటి పైకి, ఒకటి కిందికి కత్తెరలా విడిపోతాయి. 325 మి.మీ. బ్లేడ్లకి ఒక్క డిగ్రీ తప్పు ఉంటే కొసల మధ్య 11 మి.మీ. ఎడం కనబడుతుంది, కంటికి అది చాలా పెద్దది. కొసలు కలిసే ఉన్నా రెండూ బూమ్‌కి సమాంతరంగా లేవంటే ఒక బ్లేడ్ ప్లస్‌లో, రెండోది మైనస్‌లో ఉన్నట్టు.

సున్నా కుదిరాక స్టిక్ అడుగునా పైనా పిచ్ ఎంతుందో చూడాలి. విన్యాసాలకి రెండువైపులా 10 నుంచి 12 డిగ్రీలు పెట్టుకుంటారు. ప్లస్ 11, మైనస్ 11 అనుకుందాం. నేర్చుకునేవాళ్లకి స్టిక్ అడుగున మైనస్ 2, మధ్యలో ప్లస్ 5, పైన ప్లస్ 9 చాలు. ఆ లెక్కన పిచ్ కర్వ్ అంకెలు 41, 73, 91 అవుతాయి. గాలిలో కదలకుండా నిలబడేది ఆ 5 దగ్గరే. పైన 13, 14 డిగ్రీలు పెట్టి గబుక్కున లేపితే మోటారు ఆ బరువు లాగలేక రోటర్ వేగం పడిపోతుంది, తోక ఒక్కసారిగా పక్కకి కొడుతుంది. బ్యాటరీ ఉబ్బేది కూడా ఇలాగే. పిచ్ మరీ ఎక్కువొస్తే సెట్టింగ్‌లో సగానికి కోయవద్దు, సర్వో చేతి మీద లింక్ తగిలించే బాల్‌ని ఒక రంధ్రం లోపలికి జరపండి. హెలీని ముందువెనకలకీ పక్కలకీ వంచే సైక్లిక్ పిచ్‌కి కొన్ని జైరో యూనిట్లు 6 డిగ్రీలు అడుగుతాయి, కొన్ని 8. మాన్యువల్‌లో ఉన్నదే పెట్టాలి.

తర్వాత స్టిక్‌ని పూర్తిగా పైకీ, పూర్తిగా మూలకీ తోసి చూడండి. సర్వో కూస్తుంటే ఎక్కడో పట్టేస్తోంది. పాత హెలీల్లో దీనికి తోడు తిలాపాపం తలా పిడికెడు అన్నట్టు ఒక్కో బాల్ లింక్‌లో కొంచెం వదులుంటుంది. వేలితో బ్లేడ్‌ని ఆడిస్తే గేజ్ మీద డిగ్రీ కదిలిందంటే లింకులు మార్చకుండా సెట్టింగ్ చేయడం వృథా. జైరో దిశ కూడా ఇక్కడే చూడాలి. హెలీని ముందుకి వంచితే స్వాష్ వెనక్కి వాలాలి. తిరగబడి ఉంటే నేల విడవకముందే బోల్తా పడుతుంది.

ట్రాకింగ్, అంటే రెండు బ్లేడ్లూ ఒకే ఎత్తులో తిరుగుతున్నాయా అన్నది, గాలిలో చూసుకునే పని. ఒక బ్లేడ్ కొసకి ఎర్ర టేపు, ఇంకోదానికి అంతే బరువున్న నల్ల టేపు అంటించి, పది మీటర్ల దూరంలో హెలీని కంటి ఎత్తులో నిలబెట్టండి. రెండు గీతలు కనబడితే పైనున్నదాని పిచ్ తగ్గేటట్టు దాని లింక్ తిప్పాలి. అక్షరాలున్న వైపు బయటికి ఉండాల్సిన లింక్ అయితే అర చుట్టు కుదరదు, పూర్తి చుట్టే తిప్పాలి. బ్లేడ్ బోల్టులు మరీ బిగించకండి. హెలీని పక్కకి వంచినప్పుడు బ్లేడ్ నిలబడాలి, కొంచెం కుదిపితే జారాలి.

మన ఎండల గురించి ఒక మాట. 15 డిగ్రీల గాలి కన్నా 40 డిగ్రీల గాలి సాంద్రత సుమారు 8 శాతం తక్కువ. జనవరిలో 5 దగ్గర నిలబడిన హెలీకి మే నెలలో అర డిగ్రీ దాకా ఎక్కువ కావాలి. సున్నాని కదపకుండా కర్వ్ మధ్య అంకెను 73 నుంచి 75కి పెంచితే సరిపోతుంది.

ఎక్కడ ఎగరేయాలన్న విషయానికొస్తే, 2021 డ్రోన్ నిబంధనలు మోడల్ హెలికాప్టర్లకీ వర్తిస్తాయి. నెల్లూరుకి దక్షిణాన శ్రీహరికోట ఉంది, డ్రోన్లు ఎక్కడ ఎగరేయవచ్చో రంగుల్లో చూపే ప్రభుత్వ డిజిటల్ స్కై మ్యాప్‌లో ఆ చోటు ఏ రంగులో ఉందో చూశాకే బయల్దేరండి. మైపాడు బీచ్ విశాలంగా కనబడుతుంది గానీ మధ్యాహ్నం అయ్యేసరికి సముద్రపు గాలి పెరుగుతుంది. రోటర్ గాలికి లేచిన ఇసుక బేరింగుల్లో చేరుతుంది, ఉప్పు తేమ వాటిని తుప్పు పట్టిస్తుంది. తెల్లవారాక ఎనిమిదిలోపు, కోత కోసిన మడిలో నాలుగడుగుల ప్లైవుడ్ పలక వేసి దాని మీద నుంచి లేపండి.

ఇట్లు,
ఆర్‌సీ హెలికాప్టర్లు విప్పి బిగించే పాఠకులు,
ఒంగోలు