తుంటి విరిగితే గంటలు లెక్కపెట్టండి: ఆరోగ్య శాఖ మంత్రి గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన రాష్ట్ర వైద్య ఆరోగ్య శాఖ మంత్రి గారికి,

నమస్కారం. 29 ఏళ్లు స్టాఫ్ నర్సుగా పనిచేసి రిటైరయ్యాను. అందులో ఎక్కువ కాలం ఎముకల వార్డులోనే గడిచింది. తుంటి విరిగి వచ్చిన అవ్వాతాతల్ని ఎంతమందిని చూశానో లెక్క లేదు. ఆ లెక్క లేకపోవడం గురించే ఈ ఉత్తరం.

పోయిన ధనుర్మాసంలో మా అమ్మ పడింది. 78 ఏళ్ల మనిషి. ఒక గురువారం తెల్లారి ఆరింటికి కలాపి చల్లి, ముగ్గు వేద్దామని వంగి, తడి బండ మీద జారింది. నేను వాకిట్లోకి వచ్చేసరికి కుడికాలు ఎడమకాలి కంటే పొట్టిగా ఉంది, పాదం బయటికి తిరిగిపోయి ఉంది. ఎక్స్‌రే లేకుండానే తెలిసిపోయింది. తుంటి ఎముక మెడ దగ్గర విరిగింది.

ఇరుగుపొరుగు చేరారు. "పుత్తూరికి ఎత్తకపోదాం పదండమ్మా, మూడు కట్లలో లేచి నడస్తాది" అన్నాడు ఎదురింటి ఆటో అబ్బాయి. పుత్తూరు కట్టును నేను తక్కువ చేయను. ఎనిమిదేళ్లప్పుడు వేపచెట్టు మీంచి పడి నా ఎడమ చెయ్యి విరిగితే, ఆకు పసరు, కోడిగుడ్డు సొన పట్టించి వెదురుబద్దలతో కట్టింది అక్కడే. ఆ చేత్తోనే ఇన్నేళ్లు బీపీ పట్టీలు చుట్టాను. కానీ తుంటి సంగతి వేరు. అది కండల లోతుల్లో ఉండే ఎముక, బయటినుంచి ఏ బద్దా దాన్ని పట్టి ఉంచలేదు. పైగా తొడ ఎముక తలకాయకు రక్తం తీసుకెళ్లే నాళాలు ఆ మెడ మీదుగానే పాకుతాయి. మెడ విరిగి పక్కకు జరిగితే నాళాలు తెగుతాయి, తలకాయ ఎండిపోతుంది. అందుకే పెద్దవయసు వాళ్లకు ఆ తలకాయ తీసేసి లోహపుది పెడతారు. విరుపు మెడకు కొంచెం కిందైతే మేకు వేస్తారు, లేదా ప్లేటూ స్క్రూలూ బిగిస్తారు. రెండింటికీ ఉద్దేశం ఒకటే: మనిషిని మర్నాడే లేపి నిలబెట్టడం.

108 వచ్చింది. ఎనిమిదిన్నరకు ఎక్స్‌రే చేతిలో ఉంది. అక్కడిదాకా ఎవరినీ తప్పుపట్టను.

తర్వాత జరిగింది చెబుతాను. అమ్మ గుండెకు స్టెంట్ ఉంది కాబట్టి రక్తం పలచబడే క్లోపిడోగ్రెల్ వాడుతోంది. దాని ప్రభావం పోవడానికి ఐదు రోజులు ఆగాలన్నారు. గుండె స్కాన్ (ఎకో) శనివారం. ఆదివారం ఎవరూ రారు. సోమవారం ప్రభుత్వ ఉచిత వైద్య పథకం అనుమతి కోసం కాగితాలు పంపారు. మంగళవారం ఎముకల వాళ్ల ఓటీ (ఆపరేషన్ థియేటర్) రోజే, కానీ ఆరోజు రక్తంలో సోడియం తగ్గిందని మత్తు డాక్టరు ఫిట్‌నెస్ ఇవ్వలేదు. మంచం మీద పడుకోబెట్టి, సరిగా తినకుండా తాగకుండా ఐదు రోజులుంచితే సోడియం తగ్గక ఏమవుతుంది? మళ్లీ ఓటీ శుక్రవారం. ఆ శుక్రవారం పొద్దున పదకొండింటికి అమ్మను లోపలికి తీసుకెళ్లారు. పడిన దగ్గర్నుంచి 197 గంటలు.

ఆపరేషన్ చక్కగా చేశారు. సర్జన్ చేతిని వంక పెట్టడానికి లేదు, గంట కూడా పట్టలేదు. కానీ అప్పటికే నడుము కింద రూపాయి బిళ్లంత పుండు పడింది. నాలుగో రాత్రి నుంచి మతి తప్పింది. ఎప్పుడో పోయిన మా మేనమామను పిలిచి ఆవును కట్టెయ్యమని అరిచేది. నొప్పితో, నిద్రలేమితో, కొత్త చోటులో పెద్దవాళ్లకు మతి అలా చెదురుతుందని నాకు తెలుసు. తెలిసీ పక్కన కూర్చుని ఏడ్చాను. పైగా ఆరు వారాలు కాలు మోపొద్దని చెప్పి పంపారు. లోహపు తలకాయ పెట్టాక మర్నాడే బరువు మోపించాలి, దాన్ని పెట్టేదే అందుకు. వార్డులో ఫిజియోథెరపిస్టు ముఖం మేం చూడలేదు. డిశ్చార్జి రోజు ఒక ఫొటో తీసుకున్నారు.

94వ రోజున ఊపిరితిత్తుల్లో నెమ్ము చేరి అమ్మ పోయింది. ప్రభుత్వం రికార్డుల్లో మాత్రం ఆమె ఆపరేషన్ జరిగి ఇంటికి చేరిన రోగి.

ఆ ఆసుపత్రి పేరు ఇక్కడ రాయను. నేను ఉద్యోగం చేసిన వార్డుల్లోనూ ఇలాగే నడిచేది, అందులో నా చెయ్యీ ఉంది. ఆపరేషన్ రోజు వచ్చేదాకా కాలికి పట్టీ చుట్టి, తాడు కట్టి, చివర బరువు వేలాడదీసేవాళ్లం. బరువు దొరక్కపోతే ఇటుక. అలా ఎన్ని కాళ్లకు కట్టానో! తుంటి విరిగినవాళ్లకు ఆపరేషన్‌కు ముందు ఆ ట్రాక్షన్ వల్ల నొప్పి తగ్గుతుందనడానికి ఆధారం దొరకలేదని, వైద్య పరిశోధనలన్నిటినీ కలిపి పరిశీలించే కోక్రేన్ సమీక్ష తేల్చిందని చాలా ఆలస్యంగా తెలుసుకున్నాను. గజ్జ దగ్గర నరాలు మొద్దుబారేలా ఇచ్చే ఒక సూది దానికంటే ఎంతో నయం. ఎక్స్‌రే తీయకముందే కూడా ఇవ్వొచ్చు.

క్లోపిడోగ్రెల్ సంగతీ అంతే. ఆ మాత్ర వాడుతున్నారని తుంటి ఆపరేషన్ వాయిదా వేయొద్దనే ఇప్పటి మార్గదర్శకాలు చెబుతున్నాయి. వెన్నులో సూది వేయడానికి భయమైతే పూర్తి మత్తు ఇచ్చి చేస్తారు. రక్తం కాస్త ఎక్కువ పోతే ఎక్కిస్తారు. ఐదు రోజుల మంచం చేసే చెడు అంతకంటే పెద్దది.

అయ్యా, నేను అసాధ్యమైనది అడగడం లేదు. 2020లో లాన్సెట్ అనే వైద్య పత్రికలో ఒక పెద్ద పరిశోధన వచ్చింది. 17 దేశాల్లో 2,970 మంది తుంటి రోగుల్లో కొందరికి సుమారు ఆరు గంటల్లో, మిగతావాళ్లకు సుమారు 24 గంటల్లో ఆపరేషన్ చేశారు. మరణాల్లో చెప్పుకోదగ్గ తేడా రాలేదు. త్వరగా చేసినవాళ్లలో మతి చెదరడం తగ్గింది, వాళ్లు ముందే లేచి నిలబడ్డారు. కాబట్టి ఆరు గంటలు పట్టుబట్టను. అక్కడ ఆలస్యమంటే 24 గంటలు, మా అమ్మకు 197. నేనడిగేది చేరిన రోజు, కాకుంటే మర్నాడు. ఇంగ్లండులో వైద్యానికి మార్గదర్శకాలు రాసే నైస్ సంస్థ 2011 నుంచి చెబుతున్నదీ అదే.

ఇంగ్లండు వాళ్లు ఇందుకోసం కొత్త యంత్రాలేం కొనలేదు. 2007లో తుంటి విరిగినవాళ్ల కోసం ఒక జాతీయ రిజిస్టరు తెరిచారు. ఎన్ని గంటలకు వచ్చారు, ఎన్ని గంటలకు ఆపరేషన్ అయింది, ఎవరు బతికారు అని ఆసుపత్రులు రాస్తాయి, ఆ అంకెలు అందరికీ కనబడతాయి. 2010 నుంచి 36 గంటల్లోపు ఆపరేషన్ చేసి, పెద్దవయసు జబ్బులు తెలిసిన డాక్టరుతో చూపించిన ఆసుపత్రికి కొంత సొమ్ము ఎక్కువిచ్చారు. చేరిన రోజో మర్నాడో ఆపరేషన్ అయినవాళ్లు 2007లో 54.5 శాతం, 2011కి 71.3 శాతం. 30 రోజుల్లో చనిపోయేవాళ్లు 10.9 నుంచి 8.5 శాతానికి దిగారు. రాయడం మొదలుపెడితే మనుషుల్లో కదలిక వస్తుందని వార్డులో పనిచేసిన ఎవరినడిగినా చెబుతారు. టెంపరేచర్ చార్టు మంచానికి వేలాడుతుంటేనే నర్సు జ్వరం చూస్తుంది, దాచడమెందుకు.

మనకు చేతులు తక్కువ లేవు. తిరుపతిలో రుయా ఆసుపత్రి ఉంది, స్విమ్స్ ఉంది, దేవస్థానం వారి ఎముకల ఆసుపత్రి బర్డ్ ఉంది. అయినా చిత్తూరు వాళ్లకు ప్రాణం మీదికొస్తే కళ్లు వెల్లూరు సీఎంసీ ఆసుపత్రి వైపే తిరుగుతాయి. డబ్బు లేక కాదు ఇప్పుడు, 2007లో ఆరోగ్యశ్రీ వచ్చినప్పటి నుంచి పేదవాడికీ ఆపరేషన్ అందుతోంది. నేను ఉద్యోగంలో చేరిన రోజుల్లో రాడ్డు కొనుక్కోలేక కాలు వంకరగా అతుక్కుని వెళ్లిపోయినవాళ్లను చూశాను, ఆ రోజులు పోయాయి. పేరు మారినా పథకం నిలబడింది, అందుకు దండం. కానీ రెండో రోజు చేసినా తొమ్మిదో రోజు చేసినా ఆసుపత్రికి అందే సొమ్ములో తేడా లేకపోతే ఆదివారం పూట ఓటీ ఎవరు తెరుస్తారు?

చిన్నవయసు వాళ్ల మాటా ఒకటి చెప్పాలి. మామిడి కాయల కాలంలో గుజ్జు ఫ్యాక్టరీల ముందు లారీలు బారులు తీరుతాయి, రాత్రిపూట వాటిని దాటబోయి బైకు కుర్రాళ్లు పడతారు. కటి ఎముక చీలితే రక్తం బయటికి కనబడదు, లోపలే లీటర్ల కొద్దీ పోతుంది. ముఖం తెల్లబడేదాకా బాగానే ఉన్నాడనుకుంటారు. ఒక దుప్పటిని మడిచి తుంటి గుబ్బల దగ్గర, అంటే తొడల పైన పక్కలకు చేతికి తగిలే ఎముకల దగ్గర, గట్టిగా బిగిస్తే ఆ రక్తం చాలావరకు ఆగుతుంది. నడుముకు కాదు, తుంటి గుబ్బల దగ్గర. మన సిబ్బందిలోనే ఎంతోమంది నడుముకు కడతారు. ఎముక చర్మం చీల్చుకుని బయటికొచ్చిన కాలికైతే మొదటి గంటలోనే యాంటీబయాటిక్ పడాలి. అది మొదటి ఆసుపత్రిలో పడాల్సిన సూది, పెద్దాసుపత్రికి రాసి పంపేముందే. తొడ ఎముక తలకాయ కూర్చునే తుంటి గిన్నె పగిలితే రెండు వారాల్లోపే సరిచేయాలి, మూడు దాటితే ముక్కలు గట్టిపడి ఎంత గొప్ప సర్జనైనా ఇబ్బంది పడతాడు. పాతికేళ్లవాడు జీవితాంతం కుంటడమా మానడమా అన్నది రెఫరల్ కాగితం ఎన్ని చోట్ల ఆగిందన్న దాన్నిబట్టి ఉంటుంది.

ఇంతకీ అడుగుతున్నది ఏమిటంటే, పథకం కంప్యూటర్లో ఇప్పటికే రోగి పేరు, ఆపరేషన్ పేరు, సొమ్ము నమోదవుతున్నాయి కదా, మరో రెండు గడులు చేర్చించండి: ఆసుపత్రి గడప దాటిన గంట, కత్తి పెట్టిన గంట. తుంటి, కటి, కాలి విరుపులన్నిటికీ. జిల్లాలవారీగా, ఆసుపత్రులవారీగా మూడు నెలలకోసారి బయటపెట్టండి. 36 గంటల్లో చేసినవాళ్లకు కొంత ఎక్కువివ్వండి. అత్యవసర విరుపులకు అనుమతి ఫోన్లోనే ఇచ్చి, కాగితాలు తర్వాత తీసుకోండి.

మూడో గడి 120వ రోజుది. ఆసుపత్రి కౌంటర్లో కూర్చునే ఆరోగ్యమిత్ర ఆ ఇంటికి ఫోన్ చేసి రెండే ప్రశ్నలు వేయాలి. మనిషి ఉన్నారా? నడుస్తున్నారా? తుంటి విరిగిన పెద్దవాళ్లలో ఏడాది తిరక్కుండా నలుగురైదుగురిలో ఒకరు పోతారని లోకమంతా చెబుతున్న లెక్క. మన జిల్లా లెక్క మన చేతిలో ఉండాలి.

ఆ ఫోన్లోనే ఇంకో మాట అడగవచ్చు, ఎముక బలానికి మందు మొదలైందా అని. ఒక తుంటి విరిగిందంటే రెండోదీ ప్రమాదంలో ఉన్నట్టే. ఏడాదికి ఒక్కసారి సెలైన్‌లో ఎక్కించే జోలెడ్రోనిక్ యాసిడ్ ఇంజెక్షన్ ఉంది. తుంటి ఆపరేషన్ అయిన 2,127 మందిపై జరిపిన పరీక్ష ఫలితాలు 2007లో వచ్చాయి. ఉత్త సెలైన్ ఎక్కినవాళ్లలో 13.3 శాతం మంది చనిపోతే మందు ఎక్కినవాళ్లలో 9.6 శాతం. మేకుకు డబ్బిస్తున్న పథకం ఈ సూదిని కూడా అదే ప్యాకేజీలో కలిపితే పోయేదేమీ లేదు. నా సర్వీసు మొత్తంలో తుంటి రోగి డిశ్చార్జి కాగితం మీద ఆ మందు పేరు చూసింది వేళ్లమీద లెక్కపెట్టొచ్చు. క్యాల్షియం మాత్రలు రాసి పంపేస్తారు.

ఫిజియోథెరపిస్టు పోస్టుల సంగతి వేరే ఉత్తరం రాయాల్సినంత ఉంది, ఇక్కడ ఎత్తను.

అమ్మ కోసం కొన్న వాకర్‌ను వీధి చివరి వాళ్లకు ఇచ్చేశాను, ఆ ఇంటి తాత సంక్రాంతి తర్వాత బాత్రూములో పడ్డాడు. ఆయనకు ఆపరేషన్ ఆరో రోజున అయింది. అమ్మ కార్డుతోపాటు ఇచ్చిన ఫోన్ నంబరు నాదే, ఇంకా పనిచేస్తోంది. 120వ రోజు దాటి చాలా కాలమైంది, ఎవరూ చేయలేదు. ఇప్పుడు చేసినా జవాబు చెబుతాను.

ఇట్లు,
విశ్రాంత స్టాఫ్ నర్సు,
చిత్తూరు