పీహెచ్‌సీ డాక్టరమ్మకి, పెద్దాసుపత్రి సిస్టర్లకి, మా ఆశా అక్కకి థ్యాంక్స్

పిల్లోడు డిశ్చార్జయి వచ్చేశాడు, అమ్మ లేచి తిరగతా ఉండాది, అందుకే ఇప్పుడు తీరిగ్గా రాస్తున్నా. మాది కోవూరు పక్క ఊరు. వానలు తగ్గినాక ఇంటింటికీ జ్వరమే, మా ఇంట్లో ఒకేసారి అమ్మకీ మా అన్న కొడుక్కీ. ఒక ప్రైవేటు క్లినిక్‌లో చూపిస్తే సీజన్ కదా డెంగీనే అని ఇద్దరికీ ఒకటే చీటీ రాసిచ్చారు.

పీహెచ్‌సీలో ఓపీ చూస్తే కాలు పెట్టను చోటు లేదు, సగం స్టాఫ్ ఫీవర్ సర్వేకి ఊర్ల మీద ఉండారు. అయినా డాక్టరమ్మ, పిల్లోడికి డెంగీ టెస్టు ఎన్ఎస్1 పాజిటివ్ వచ్చింది కదా అని అమ్మని కూడా ఆ లెక్కలో వేసెయ్యలేదు. నాట్లకి పోతావా, గట్ల మీద గడ్డి కోస్తావా అని అడిగి, పక్కకి తీసకపోయి ఒళ్లంతా చూసింది. పావడ బొందు కట్టే చోట నల్లటి పెచ్చు, సిగరెట్‌తో కాల్చినట్టు! నొప్పి లేదు, దురద లేదు, అమ్మకే తెలీదు. స్క్రబ్ టైఫస్ అంట, పొదల్లో గడ్డిలో ఉండే కంటికి కనపడనంత పురుగు కుడితే వస్తాదంట. ఎలైజా అనే రక్తపరీక్ష రిపోర్టు కోసం ఆగకుండా ఆ పూటే డాక్సీసైక్లిన్ అనే యాంటీబయాటిక్ మొదలుపెట్టింది, రెండో రోజుకి జ్వరం దిగింది. డెంగీకి యాంటీబయాటిక్ పనే చెయ్యదు, దీనికి అదే మందు, లేటయితే ఊపిరితిత్తులు కిడ్నీల దాకా పోతాదంట. ఆ క్లినిక్ చీటీ నమ్ముకోని కూర్చోనుంటే... వద్దులే.

పిల్లోణ్ణి 108లో నెల్లూరు పెద్దాసుపత్రికి పంపారు. అక్కడ సిస్టర్లు పగలు కూడా దోమతెర తియ్యనిచ్చేవాళ్లు కాదు, డెంగీ దోమ కుట్టేది పగలే, వీణ్ణి కుట్టిన దోమ తర్వాత ఇంకొకరికి అంటిస్తాది కదా. మేమేమో ప్లేట్‌లెట్లు ఎక్కించండని ఒకటే గొడవ, బ్లీడింగ్ లేదు, కౌంట్ 10,000 కిందికి పడలేదు, అక్కర్లేదని ఓపిగ్గా చెప్పారు. జ్వరం తగ్గింది పంపించెయ్యండి అని మా అన్న తొందరపడితే, తగ్గినాక ఒకటి రెండు రోజులే అసలు డేంజర్ అని ఆపి, బీపీ చూసుకుంటా ఒంటేలు కొలుచుకుంటా రాత్రంతా తిరిగారు. బొప్పాయాకు రసం పట్టకొచ్చిన మా చుట్టాల్ని కూడా భరించారు, దానికి ఇంకో దండం.

ఆశా అక్కా, ఫ్రైడే డ్రైడే అని దోమలు పెరగకుండా నువ్వు నీళ్ల తొట్లు ఒంపిస్తుంటే మన వీధిలో ఎంతమంది విసుక్కున్నారో నాకు తెలుసు. ఈసారి నీ వెంట నేనొస్తా.

ఎవరికన్నా జ్వరముంటే చంకలు, గజ్జలు, నడుము దగ్గర నల్ల పెచ్చు ఉందేమో చూడండి, కనపడకపోయినా స్క్రబ్ టైఫస్ కాదని కాదు, డాక్టరు దగ్గరికి పోండి, పొలం పనికి పోతామని కూడా చెప్పండి.