వార్షిక నివేదిక: రోడ్డు పక్క ఈరాత్ మార్కర్ సంరక్షణ

సభ్యులందరికీ నమస్కారం. ఉగాది, వనభోజనాల ఖర్చులు కోశాధికారి పద్దులో ఉన్నాయి. ఈ పేజీ మార్కర్ పనికే, అంటే సర్వేయర్ ఈరాత్ గురించి చెప్పే రోడ్డు పక్క చారిత్రక పలక పనికే.

జార్జ్ బెర్నార్డ్ ఈరాత్ 1813లో వియన్నాలో పుట్టాడు, 1833లో టెక్సాస్ చేరాడు. 1836లో మెక్సికో నుంచి టెక్సాస్ స్వాతంత్ర్యం కోసం జరిగిన శాన్ హసింటో యుద్ధంలో పోరాడాడు. మరుసటి ఏడాది జనవరిలో ఎల్మ్ క్రీక్ దగ్గర జరిగిన పోరులో రేంజర్ల (సరిహద్దు కాపలా దళం) చిన్న జట్టును నడిపించాడు. 1849లో వేకో పట్టణానికి వీధులు, ప్లాట్లు కొలిచింది ఆయనే. వేకో అన్నది ఆ నేల నుంచి తరిమేసిన స్థానిక అమెరికన్ తెగ పేరు. పిల్లలకు మార్కర్ చూపించేటప్పుడు ఆ మాట దాటవేయొద్దు.

ఇక్కడ స్థలం కొన్నవాళ్లు దస్తావేజు ఓసారి తీసి చూడండి. చాలావాటిలో ‘ఫలానావారి సర్వే, అబ్‌స్ట్రాక్ట్ నంబరు ఇంత’ అని ఉంటుంది. మన పొలాల సర్వే నంబరు లాంటిదే, కాకపోతే మొదట పట్టా పొందినవారి పేరు కూడా కలిసి వస్తుంది. అప్పటి కొలత వారా, అంటే 33⅓ అంగుళాలు. భూమి విస్తీర్ణానికి లీగు, ఒక లీగు సుమారు 4,428 ఎకరాలు. గొలుసు లాగి, దిక్సూచితో దిశ చూసి, మూలల దగ్గరి చెట్లకు గొడ్డలితో గాటు పెట్టి పుస్తకంలో రాసేవారు. వాడగా వాడగా కొక్కేలు అరిగితే గొలుసు సాగుతుంది, అప్పుడు కాగితం మీదకన్నా నేల ఎక్కువ తేలుతుంది. అయస్కాంత ఉత్తరం ఏటేటా జరుగుతుంది కాబట్టి పాత దిశను ఉన్నదున్నట్టు పట్టుకుని నడిస్తే మూల దొరకదు. గాటు పెట్టిన చెట్టు పడిపోతే ఇక తగాదాయే.

ఇక శుభ్రత. పలక పోత అల్యూమినియం. ముందు మామూలు నీళ్లతో దుమ్ము కడగాలి, తర్వాత గిన్నెల సబ్బు కొద్దిగా కలిపిన నీళ్లు, మెత్తటి నైలాన్ బ్రష్. సబ్బు నీళ్లు కింది నుంచి పైకి రాయాలి, లేదంటే చారలు పడతాయి. ఎండెక్కాక పలక బాగా వేడెక్కి సబ్బు అక్కడే ఆరిపోతుంది, అందుకే పొద్దున్నే వెళ్లాలి. ఇనుప బ్రష్, ప్రెషర్ వాషర్ తేవద్దు, పైపూత లేచిపోతుంది. స్ప్రింక్లర్ నీటి సున్నపు మరకకు వెనిగర్ పోద్దామని చాలామందికి అనిపిస్తుంది. మరక పోతుంది, దాంతోపాటు పూతా పోతుంది.

పలక వెనక కందిరీగల గూడు, స్తంభం మొదట్లో ఎర్ర చీమల పుట్ట ఉన్నాయేమో చూశాకే చెయ్యి పెట్టండి. గడ్డి కోసే యంత్రం తీగ స్తంభానికి తగిలి పెయింటు లేస్తోంది, చుట్టూ చేత్తోనే పీకడం మేలు. వాహనాలు రోడ్డు అంచుకు దూరంగా నిలపాలి, మెరిసే జాకెట్లు తప్పనిసరి.

మార్కర్ మనది కాదు, టెక్సాస్ హిస్టారికల్ కమిషన్‌ది. అక్షరం చెరిగినా, స్తంభం వంగినా ఫొటో తీసి కౌంటీ హిస్టారికల్ కమిషన్‌కు పంపాలి. రంగు డబ్బా పట్టుకుని సొంతంగా ఎవరూ బయల్దేరకండి. వచ్చే ఏడాది బ్రష్‌లు, జాకెట్లు సంఘం పెట్టెలోనే ఉంటాయి, తాళం కార్యదర్శి దగ్గర.

— కార్యవర్గం