ఖాళీ గడి మింగేసిన మాఘమాసం పెళ్లిళ్లు

సంపాదకుల వారికి,

నరసరావుపేటలో మాది ఫొటో స్టూడియో. పెళ్లి ఫొటోలు కంప్యూటర్లో ఒక వరసలో పెడతాం: సంవత్సరం, అందులో నెల, అందులో పెళ్లివారి ఇంటిపేరు, దాని లోపల ప్రధానం, పెళ్లి, రిసెప్షన్. సీజన్లో ఇన్ని ఫోల్డర్లు చేత్తో చేయలేక, డిగ్రీ చదివే మా అమ్మాయితో పైథాన్ ప్రోగ్రాం రాయించుకున్నాను. మొదట ఫోల్డరు చేసే 'ఎంకేడిర్' అనే ఆదేశం వాడింది. నెల ఫోల్డరు లేకపోతే పేరు ఫోల్డరు చేయనని అది మొరాయించేది. 'మేక్‌డిర్స్' అని మార్చాక పైవి లేకపోయినా అన్నీ తనే పుట్టిస్తోంది.

ఆల్బమ్ ఇచ్చేసిన పెళ్లిళ్లు తీసేయడానికి ఇంకో ప్రోగ్రాం. 'ఆర్ఎండిర్' ఖాళీ ఫోల్డరునే తీస్తుంది, లోపల ఒక్క ఫైలున్నా ఒప్పుకోదు. దాని చాదస్తం భరించలేక 'ఆర్ఎంట్రీ' పెట్టించింది నేనే. అది లోపలి నుంచి తుడుచుకుంటూ వచ్చి చివరికి పై ఫోల్డరునూ తీసేస్తుంది. అడగదు. రీసైకిల్ బిన్‌లోనూ వేయదు.

సీఎస్‌వీ ఫైలులో, అంటే తీసేయాల్సిన పెళ్లిళ్లను గడుల్లో రాసి ప్రోగ్రాంకు ఇచ్చే జాబితాలో, ఒకచోట ఇంటిపేరు గడి నింపడం మరిచాను. నెల తర్వాత పేరేమీ చేరకపోయేసరికి ప్రోగ్రాంకు అందిన దారి, అంటే ఫోల్డరు చిరునామా, 'ఫిబ్రవరి' దగ్గరే ఆగింది. మాఘమాసంలో తీసిన పదకొండు పెళ్లిళ్లు, నేను టీ తాగి వచ్చేసరికి లేవు. తొమ్మిది బ్యాకప్ డిస్కులో దొరికాయి. మిగిలిన రెండిళ్లకూ వెళ్లి తలవంచుకుని నిలబడ్డాను. తాళి కట్టేటప్పటి ఫొటోలు వాళ్ల చుట్టాల ఫోన్లలోంచి అడిగి తెచ్చాం. వాట్సాప్‌లో నలిగి వచ్చినవి కదా, అక్షింతలన్నీ మరకల్లా ఉన్నాయి.

తర్వాత అమ్మాయి ల్యాబ్ రికార్డు తిరగేశాను. ఫోల్డర్లు చేయడం మీద రెండు పేజీలు. 'ఆర్ఎంట్రీ' గురించి ఒకే వరస: ఫోల్డరును తొలగించును. ఈ పాఠాలు రాసేవారు, చెప్పేవారు మీ పత్రిక చదువుతారన్న ఆశతో రాస్తున్నాను. తుడిచే ముందు పూర్తి దారి తెరమీద చూపి 'అవునా' అని అడిగించండి. పేరు ఖాళీగా వస్తే అక్కడే ఆగిపోయేలా రాయించండి. మా అమ్మాయి ఇప్పుడు చేర్చినవి నాలుగే వరసలు.

నేనైతే నేరుగా తుడవడం మానేశాను. 'పాతవి' అనే ఫోల్డరులోకి నెట్టి నెలరోజులు ఆగుతున్నాను. డిస్కు నిండిపోతోందని అమ్మాయి గొణుగుతోంది.

ఒక స్టూడియో యజమాని, నరసరావుపేట